పీటీఓ ఆగని ట్రాక్టర్‌ని అలాగే నడపొద్దు, అమ్మేయొద్దు కూడా

ఈసారి జీవామృతం గురించి కాదు, క్లచ్ గురించి. ప్రకృతి వ్యవసాయంలో క్లచ్ గోలేంటి అనుకోవద్దు. ఆచ్ఛాదన, ఆచ్ఛాదన అని రోజూ చెప్పుకుంటాం కదా. ఆ ఆచ్ఛాదనకి కావాల్సిన మామిడి కొమ్మలు, కొబ్బరి మట్టలు, పత్తి కట్టె, కంది కట్టె ముక్కలు చేసేది ష్రెడ్డర్. దాన్ని తిప్పేది ట్రాక్టర్ వెనకాల ఉండే పీటీఓ షాఫ్ట్. ఆ షాఫ్ట్‌కి ఇంజిన్ బలం అందించేది, ఆపేది క్లచ్. మన తోటల్లో తిరిగేవి ఎక్కువగా పాత చిన్న ట్రాక్టర్లే. ష్రెడ్డర్ అద్దె పని మీద ఊళ్లు తిరుగుతుంటా కాబట్టి చెప్తున్నా, వాటిలో చాలా బళ్లకి పెడల్ చివరిదాకా తొక్కినా పీటీఓ ఆగదు. "అది అంతే తమ్ముడూ, అలవాటైపోయింది" అంటారు.

ఆ అలవాటు మీదే నా అభ్యంతరం. ఆగని పీటీఓకి మనిషిని దగ్గరగా నిలబెట్టకూడదు. అలాగని ఆ బండిని అమ్మేసి కొత్త అప్పు ఎత్తుకోవడమూ దండగ. క్లచ్ విప్పించి, దగ్గరుండి బాగుచేయించుకోవాలి.

ముందు ప్రమాదం సంగతి చూద్దాం. పీటీఓ మామూలు వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి 9. షాఫ్ట్ మందం 35 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 11 సెంటీమీటర్లు. లెక్క కట్టండి. చీర కొంగో, లుంగీ అంచో, తలగుడ్డో చిక్కితే సెకనుకి దాదాపు మీటరు గుడ్డ చుట్టుకుంటుంది. కేక వినపడి డ్రైవర్ కాలు పెడల్ మీదకి వెళ్లేసరికే రెండు మీటర్లు అయిపోతాయి. ఆ తర్వాత తొక్కినా ఆగకపోతే ఇంక చేసేదేముంది? ష్రెడ్డర్‌లో మట్టలు పెట్టేది చాలాచోట్ల మన అక్కలూ వదినలే. పురుగుమందు వద్దని వాళ్ల ఆరోగ్యం గురించి మాట్లాడే మనం, వాళ్ల చేతుల గురించి కూడా ఆలోచించాలి కదా.

ఇక జబ్బు ఎక్కడుందో చూద్దాం. క్లచ్‌కి జబ్బులు రెండు. ఒకటి జారడం. ఇంజిన్ మోత తగ్గదు, కానీ లావు కొమ్మ పెట్టగానే ష్రెడ్డర్ నీరసపడుతుంది, కాలిన వాసన వస్తుంది. రెండోది విడవకపోవడం. పెడల్ తొక్కినా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది, పీటీఓ లివర్ వేస్తే గర్రుమంటుంది. పాత బళ్లలో కొన్నింటికి డబుల్ క్లచ్ ఉంటుంది. పెడల్ సగం తొక్కితే గేర్‌బాక్స్ విడుస్తుంది, పూర్తిగా తొక్కితే పీటీఓ విడుస్తుంది. రెండు పనులకి రెండు ప్లేట్లు. వీటిలో సర్దుబాటు తప్పితే మొదటి సగం బాగానే పనిచేస్తుంది, రెండో సగమే అందదు. బండి గేర్లు మామూలుగా పడుతున్నాయి కాబట్టి క్లచ్ బాగుందనుకుంటాం. అందుకే ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడదు.

విప్పే ముందు పెడల్ ఫ్రీ ప్లే చూడండి, అంటే పెడల్ బరువు తగిలేదాకా ఉండే ఖాళీ. అది ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు. అసలే లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఫింగర్ల మీద నొక్కుకునే ఉంటుంది, ప్లేట్ జారి అరిగిపోతుంది. డ్రైవర్ పెడల్ మీద కాలు ఆనించి నడిపినా అదే జరుగుతుంది. చాలాసార్లు రాడ్ దగ్గర సరిచేస్తే సగం సమస్య తీరుతుంది. కంపెనీ మాన్యువల్‌లో కొలత ఉంటుంది, మెకానిక్ కాలి అంచనా కంటే అదే నమ్మండి.

అప్పటికీ కుదరకపోతే ట్రాక్టర్‌ని ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కి మధ్య విడదీయాల్సిందే. ఖర్చూ శ్రమా అక్కడే. అందుకే ఒకసారి విప్పాక "ప్లేట్ మార్చేసి మూసేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ అప్పుడే మార్చించండి. ఆ సీల్ కారితే కొత్త లైనింగ్ కూడా నూనె తాగి జారుతుంది. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ ముఖాల మీద నీలం మచ్చలు, సన్న పగుళ్లు ఉన్నాయేమో చూడండి. గీతలు పడితే లేత్ మీద సాఫు చేయించాలి, పగులు లోతుగా ఉంటే మార్చాల్సిందే. లైనింగ్ రివెట్ల దాకా అరిగితే కొత్త లైనింగ్ కొట్టించవచ్చు, కానీ ప్లేట్ వంకర లేకుండా ఉంటేనే. అన్నిటికంటే ముఖ్యం ఫింగర్లు. రిలీజ్ బేరింగ్ అన్ని ఫింగర్లనీ ఒకేసారి తాకాలి. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం ఉంటే ప్రెషర్ ప్లేట్ వంకరగా లేస్తుంది, పీటీఓ మళ్లీ విడవదు. "కంటికి సమానంగానే ఉంది" అంటే వినొద్దు, కొలిపించండి. డిప్లొమాలో క్లచ్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, ఈ ఫింగర్ల సంగతి నాకు షెడ్‌లో మెకానిక్ అన్న పక్కన కూర్చున్నాకే అర్థమైంది.

ఇంకో మాట, ఇది మన వాళ్లకి ఎవరూ చెప్పరు. పాత క్లచ్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు, అదీ దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. హౌసింగ్ తెరవగానే కంప్రెసర్ గాలి కొట్టడం షెడ్లలో అలవాటు. కొట్టనివ్వకండి. నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పడేయాలి. మొహానికి తువ్వాలు చుట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు.

యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు పాత గార్డెన్ ట్రాక్టర్లు విప్పే వీడియోలు మీలో కొందరు చూసే ఉంటారు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల కబ్ కేడెట్, 1960ల నాటి బండి. దాని పీటీఓ క్లచ్ ఇంజిన్ ముందువైపు ఉంటుంది. చేతి లివర్ వేస్తే మధ్యలో చిన్న బటన్ మూడు ఫింగర్లని నొక్కుతుంది, ప్లేట్ విడుస్తుంది. బటన్ అరిగితే బటన్, ప్లేట్ అరిగితే ప్లేట్, ఫింగర్లు సమానంగా సర్దితే బండి మళ్లీ గడ్డి కోతకి సిద్ధం. తర్వాత వచ్చిన చాలా బళ్లలో స్విచ్ నొక్కితే పట్టే ఎలక్ట్రిక్ క్లచ్ పెట్టారు. సుఖమే, కానీ కాయిల్ కాలితే మొత్తం మార్చుకోవడమే. విప్పగలిగేలా చేసిన యంత్రం 60 ఏళ్లైనా బతుకుతుంది. మన పాత ట్రాక్టర్లూ ఆ జాతివే.

"సబ్సిడీలో కొత్తది వస్తుంటే ఈ తలనొప్పెందుకు?" అంటారు. సబ్సిడీ పోను మిగిలింది అప్పే. పూర్తి క్లచ్ పని ఖర్చు సాధారణంగా కొత్త ట్రాక్టర్ ఒక్క కిస్తీని మించదు. పైగా పెద్ద బండి బరువుకి నేల అణిగిపోతే మనం చెప్పుకునే వాపస ఏమవుతుంది? "అసలు ట్రాక్టరే వద్దు, ఎద్దులు చాలు" అనే పెద్దలకి నా దండం. ఎద్దులున్న ఇంట దున్నకానికి ట్రాక్టర్ అక్కర్లేదు, నిజమే. కానీ ఎకరాల కొద్దీ కొబ్బరి మట్టలు కత్తితో కొట్టడానికి కూలీలు ఎక్కడున్నారు? గేర్‌బాక్స్ హౌసింగ్ పగిలిన బండి, విడిభాగాలే దొరకని బండి మాత్రం వదిలేయండి, దాని మీద మొండితనం పనికిరాదు.

విత్తనం కొనొద్దు, ఎరువు కొనొద్దు అంటున్నాం. బయట నుంచి తెచ్చే వాటిలో యంత్రం కూడా ఒకటి. దాన్ని నిలబెట్టుకునే విద్య కూడా మన శిక్షణల్లో ఉండాలి. కషాయాల క్లాసు పక్కనే ఒక పూట మెకానిక్ అన్నని కూర్చోబెట్టి క్లచ్ విప్పించి చూపించండి.

ఈ వారం ఒక పరీక్ష చేయండి. ట్రాక్టర్‌ని చదునైన చోట పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, వెనకాల ఏ పనిముట్టూ లేకుండా పీటీఓ తిప్పండి. వెనక ఎవరినీ నిలబెట్టొద్దు. పెడల్ చివరిదాకా తొక్కి పట్టుకుని చూడండి. కాసేపట్లో షాఫ్ట్ ఆగిపోవాలి. ఆగకపోతే బాగుచేయించేదాకా ష్రెడ్డర్ తగిలించొద్దు. అద్దెకి తెచ్చుకునే బండికీ ఇదే పరీక్ష పెట్టండి, మొహమాటం వద్దు. క్లచ్ బాగుపడ్డాక కూడా షాఫ్ట్ మీద కవర్ ఉండాల్సిందే. ఇరుక్కున్న కొమ్మ తీయాలంటే పీటీఓ లివర్ తీసేసి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, అన్నీ పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి.

ఫింగర్లు ఎలా కొలవాలో వీడియోలో నిదానంగా చూపించాను. మీ మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.