తప్పిన పూట తీర్చవలసిన బాకీయా?

ఉదయం ఫలహారం కుదరలేదు. మధ్యాహ్నం ఆ లోటు కూడా కలిపి తినవలెనా? రైలు ఆలస్యమై రాత్రి భోజనం తప్పింది. మరునాడు ఎక్కువగా తింటే సరిపోతుందా? కాలరీల మాట అందరి నోటా వినిపిస్తున్న ఈ రోజుల్లో ఇటువంటి ప్రశ్నలు తరచుగా ఎదురవుతున్నాయి. తిన్న ప్రతి ముద్దకూ ఫోనులో లెక్క రాసుకొని, సాయంత్రానికి ‘ఐదు వందలు తక్కువ పడ్డాయి’ అని కలవరపడేవారు కొందరు. పగలు మానివేసిన హక్కుతో రాత్రి కంచం రెండింతలు నింపుకొనేవారు మరికొందరు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆరోగ్యవంతులైన పెద్దలు ఎప్పుడో ఒక పూట తప్పినంత మాత్రాన ఆ కాలరీలను ప్రత్యేకంగా భర్తీ చేయనవసరం లేదు. తరువాతి పూట వేళకు మామూలుగా తింటే చాలు. అయితే ఈ మాట వర్తించనివారు మన ఇళ్లలోనే ఎందరో ఉన్నారు. వారి సంగతే ఎక్కువ ముఖ్యం.

శరీరం ఏ పూట ఖర్చు ఆ పూటే తేల్చుకొనే వ్యవస్థ కాదు. అది నిల్వలు పెట్టుకొని, అవసరమైనప్పుడు తీసి వాడుకొంటుంది. మన కాలేయంలో గ్లైకోజన్ రూపంలో సుమారు 100 గ్రాముల పిండిపదార్థం నిల్వ ఉంటుంది. భోజనానికీ భోజనానికీ మధ్య, రాత్రి నిద్రలో, రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది ప్రధానంగా ఈ నిల్వే. అది తరుగుతున్నకొద్దీ శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకోవడం మొదలుపెడుతుంది. ఒక గ్రాము కొవ్వు 9 కిలోకాలరీలను ఇస్తుంది. ఆ లెక్కన 10 కిలోల కొవ్వు ఉన్న మనిషి దగ్గర 90,000 కిలోకాలరీల నిల్వ ఉన్నట్లే. అంతటి గాదె ఉన్న ఇంటికి ఒక పూట బియ్యం రాకపోతే కరవు రాదు.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, కూర్చుని పనిచేసే పురుషునికి రోజుకు 2110, స్త్రీకి 1660 కిలోకాలరీలు కావాలి. చాలామంది ఈ అంకెలను ప్రతిరోజూ కట్టవలసిన పన్నుగా భావిస్తున్నారు. అవి సగటు లెక్కలు. ఒకనాడు కొంత తగ్గవచ్చు, మరొకనాడు పెరగవచ్చు. వారాలు, నెలల మీద ఆ సగటు ఎటు మొగ్గుతున్నదన్నదే మన బరువును, ఆరోగ్యాన్ని నిర్ణయిస్తుంది.

పైగా ఆకలి కొంత సర్దుబాటు తానే చేసుకొంటుంది, కానీ పూర్తిగా చేయదు. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు వారాలపాటు మధ్యాహ్నం వరకు ఏమీ తినని సన్నని వ్యక్తులు, ఆ మానిన ఆహారాన్ని తరువాత పూర్తిగా భర్తీ చేసుకోలేదు. అయితే ఉదయం తిన్నవారితో పోలిస్తే వారి కదలికలు తగ్గాయి. రాబడి తగ్గినప్పుడు శరీరం ఖర్చునూ తగ్గించుకొన్నదన్నమాట. కనుక పూట మానడం సన్నబడటానికి సులువైన దారి కాదు, ఒకనాడు మానినంతనే బెంగపడనవసరమూ లేదు.

ఇక రెండు పూటల తిండి ఒకేసారి తినడం వలన లాభం కన్నా నష్టమే ఎక్కువ. ఆకలి మండుతున్నప్పుడు చేయి ముందుగా అన్నం మీదకో, బజ్జీల మీదకో, మిఠాయి మీదకో పోతుంది కానీ పప్పు, కూరల మీదకు పోదు. త్వరగా తింటాము, కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోగా అవసరానికి మించి తినేస్తాము. భోజనానంతరం రక్తంలో చక్కెర బాగా పెరుగుతుంది. రాత్రి ఆలస్యంగా తిని వెంటనే పడుకొంటే ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు తప్పవు. పూట తప్పినప్పుడు ముందు నీరో మజ్జిగో తాగండి. గుప్పెడు వేయించిన శనగలో ఒక అరటిపండో తినండి. ఆపైన వేళకు మామూలు భోజనం నిదానంగా చేయండి.

ఇక ఆగకూడనివారి మాట. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకొనేవారు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారు భోజనం తప్పితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మాత్ర వేసుకొని, ‘ఇంకా పని ఉంది’ అని భోజనం వాయిదా వేయడం చాలా చెడ్డ అలవాటు. చెమటలు, వణుకు, గుండెదడ, తడబాటు కనిపించినా, చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గినా, వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి తాగాలి. పావుగంట తరువాత మళ్లీ పరీక్షించుకొని, అవసరమైతే మరోసారి తాగి, ఆపైన భోజనం చేయాలి. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయరాదు. 108కు ఫోను చేయాలి. భోజనం లేనప్పుడు భోజనానికి ముందు తీసుకొనే ఇన్సులిన్‌ను ఏమి చేయాలో, ఉపవాసాలు రాకముందే మీ వైద్యుని అడిగి రాసిపెట్టుకోండి. దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్‌ను సొంత నిర్ణయంతో ఆపకండి. మానిన మోతాదును తరువాత రెట్టింపు చేయకండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, క్షయవంటి జబ్బులతో చిక్కిపోయినవారు, ఆకలి మందగించిన వృద్ధులు – వీరికి తప్పిన పూట నిజంగా లోటే. గర్భిణికి మామూలు అవసరానికి అదనంగా రోజుకు 350 కిలోకాలరీలు కావాలి. వృద్ధులలో తగినంత మాంసకృత్తులు అందకపోతే కండరాలు కరుగుతాయి. వీరు ఆ లోటును ఒకే కంచంలో కాక, రోజంతా చిన్న చిన్న మొత్తాలలో తీర్చుకోవాలి: ఒక గుడ్డు, గ్లాసు పాలు, పెసరపప్పు కలిపిన జావ, గుప్పెడు పల్లీలు.

అన్నిటికన్నా నన్ను బాధించేది మరొకటి ఉన్నది. మన ఇళ్లలో అందరికీ వడ్డించి, మిగిలినది తినే ఇల్లాలి పూట రోజూ తప్పుతూనే ఉంటుంది. ఉదయం టీతో సరిపెట్టుకొని, పదకొండు దాటాక రాత్రి మిగిలిన అన్నం తినే తల్లులు ఎందరో. వారిది ఒకనాటి ముచ్చట కాదు, ఏళ్ల తరబడి పేరుకొన్న లోటు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. దానికి కారణాలు అనేకం. వాటిలో కంచానికి పాత్ర లేదని ఎవరూ అనలేరు. ‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత అజీర్తి చేసినవారి కోసం పుట్టింది, అర్ధాకలితో పనిచేసేవారి కోసం కాదు.

కాబట్టి కాలరీల లెక్క కన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ పూట ఎప్పుడో ఒకసారి తప్పిందా, రోజూ తప్పుతున్నదా? మొదటిదైతే మరచిపోండి. రెండవదైతే ఆ ఇంట్లో వడ్డన వరుస మారాలి. రేపటి నుండి ఆమె కూడా అందరితో కలిసి కూర్చొని తినాలి.