సైగాన్ ట్రిప్‌కి మీకు కొత్త ఫోన్ అక్కర్లేదు, మీ నాన్న ఫోన్ సంగతి చూడండి

ఫారిన్ ట్రిప్ అనగానే మన బ్యాచ్‌లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "బ్రో, ఏ ఫోన్ తీసుకెళ్తున్నావ్?" పెరిస్కోప్ జూమ్ ఉండాలా, 200 మెగాపిక్సెల్ చాలా, గింబల్ కూడా కొనాలా? ఫ్యామిలీతో హో చి మిన్ సిటీ వెళ్తున్నానని చెప్పిన రోజు నుంచి నన్నూ ఇదే అడుగుతున్నారు. రోజూ ఫోన్లు రివ్యూ చేసేవాడిని కాబట్టి ఏదో ఒక ఫ్లాగ్‌షిప్ పేరు చెప్తానని అందరూ ఎదురుచూస్తారు. నా సమాధానం మాత్రం వేరు. నా పాత ఫోన్‌తోనే వెళ్తున్నా. దాని మీద పెట్టాల్సిన టైమూ, డబ్బూ అమ్మానాన్నల ఫోన్ల మీద పెడుతున్నా. మీరూ అదే చేయండి అంటాను. ఎందుకో చెప్తా.

2017లో పని మీద ఆ ఊళ్లో మూడు నెలలు ఉన్నా. అధికారిక పేరు హో చి మిన్ సిటీయే అయినా, అక్కడి జనం నోట్లో ఇప్పటికీ సైగానే. అప్పుడు నేను ఒక్కడినే. ఎయిర్‌పోర్టులో ఒక సిమ్ కొన్నా, ఫోన్‌లో ఊబర్ ఉంది, జేబులో నాలుగు నోట్లు ఉన్నాయి, అంతే. దారి తప్పితే అదో సరదా. ఇప్పుడు వెళ్తున్నది ఐదుగురం: నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప, అమ్మ, నాన్న. ఈసారి దారి తప్పేది నేను కాకపోవచ్చు.

పైగా నాకు గుర్తున్న ఊరు ఇప్పుడు లేదు. 2018లో ఊబర్ ఆగ్నేయాసియాలో తన వ్యాపారాన్ని గ్రాబ్‌కి అమ్మేసి వెళ్లిపోయింది. అక్కడ దిగి ఊబర్ ఓపెన్ చేస్తే ఏమీ రాదు. ఇప్పుడు గ్రాబ్ ఉంది, 2023లో మొదలైన సాన్ ఎస్ఎం ఎలక్ట్రిక్ ట్యాక్సీలు ఉన్నాయి. నేను ఉన్నప్పుడు ఊరి మధ్యలో ఎటు చూసినా మెట్రో పనుల రేకులే. ఆ మొదటి లైను 2024 డిసెంబర్ 22న మొదలైంది. బెన్ థాన్ నుంచి సువోయ్ తియెన్ దాకా 19.7 కిలోమీటర్లు, 14 స్టేషన్లు. చివరి దాకా టికెట్ 20 వేల డాంగ్, అంటే మన 70 రూపాయల లోపే. పాపకి ఈ ఒక్క రైడ్ చాలు, మ్యూజియాలు తర్వాత చూసుకోవచ్చు.

వీటన్నిటికంటే పెద్ద మార్పు అడ్రసులది. 2025 జూలై 1 నుంచి వియత్నాంలో జిల్లా స్థాయి పాలన తీసేశారు, పక్కనున్న రెండు ప్రావిన్సులను కూడా ఈ సిటీలో కలిపేశారు. టూరిస్టులందరికీ తెలిసిన 'డిస్ట్రిక్ట్ 1' ఇప్పుడు అధికారికంగా లేదు. దాని బదులు వార్డులు వచ్చాయి, వాటిలో ఒకదాని పేరు సైగాన్. 1976లో ఊరికి పోయిన పేరు ఇన్నేళ్లకు ఒక వార్డుకి దక్కింది. వినడానికి బాగానే ఉంది కానీ, హోటల్ పేజీలో పాత అడ్రసు, మ్యాప్‌లో కొత్త అడ్రసు కనిపిస్తే మా నాన్న ఏం చేస్తారు? అందుకే అడ్రసు టైప్ చేసే పనే పెట్టుకోవద్దు. హోటల్ గేటు దగ్గర పిన్ పెట్టి, దాన్ని 'ఇల్లు' అని సేవ్ చేయండి, అందరి ఫోన్లలోనూ.

ఇప్పుడు అసలు విషయం. ఇంట్లో టెక్ తెలిసినవాడు ఒకడుంటే ఏమవుతుందో మీకు తెలుసు, ఎందుకంటే ఆ ఒకడు మీరే. టికెట్లు మీ ఫోన్‌లో, వీసాలు మీ ఫోన్‌లో, హోటల్ బుకింగ్, క్యాబ్ యాప్, మ్యాప్, ట్రాన్స్‌లేటర్, డబ్బులు అన్నీ మీ ఫోన్‌లోనే. మిగతావాళ్లు మీ వెనక నడిచే లగేజీ. "వాళ్లు ఎలాగూ నాతోనే ఉంటారు కదా" అంటారు. ఉండరు. మా నాన్ననే తీసుకోండి. ఎక్కడున్నా తెల్లవారుజామున ఐదింటికి లేచి నడకకి వెళ్తారు. సైగాన్ మనకంటే గంటన్నర ముందు. అంటే ఆయన ఒంటికి ఐదైనప్పుడు అక్కడ ఆరున్నర. రోడ్లు అప్పటికే బైకులతో నిండిపోతాయి, ఫుట్‌పాత్ మీద చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు వేసి కాఫీ పోస్తుంటారు. ఆయన కచ్చితంగా వెళ్తారు. నేను నిద్రలో ఉంటాను. వద్దని చెప్పొచ్చు, కానీ అరవై ఆరేళ్ల మనిషిని వారం రోజులు హోటల్ గదిలో కూర్చోబెట్టి దాన్ని ట్రిప్ అనడం నాకు ఇష్టం లేదు.

రెండో సంగతి దొంగతనం. సైగాన్‌లో బైక్ మీద వచ్చి చేతిలో ఫోన్ లాక్కుపోవడం పాత జబ్బు. రోడ్డు అంచున నిలబడి క్యాబ్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునేవాళ్లే వాళ్లకు సులువు. ఊరంతా ఇలాగే అని భయపెట్టడం లేదు. మూడు నెలల్లో నాకు అక్కడ దొరికినంత మర్యాద చాలా ఊళ్లలో దొరకలేదు. కానీ ఐదుగురి ట్రిప్ మొత్తం ఒకే ఫోన్‌లో పెట్టి, దాన్ని రోడ్డు మీద చేతిలో పట్టుకుని నిలబడటం మాత్రం సరికాదు. అది లక్ష రూపాయల ఫోన్ అయితే మరీ. బుక్ చేసేటప్పుడు గోడవైపు జరగండి, లేదా షాపు లోపలికి వెళ్లండి. ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్, ఐఫోన్‌లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఇక్కడి నుంచే ఆన్ చేసుకుని వెళ్లండి. ఐదు నిమిషాల పని. ఇంత చదివే మనలోనూ సగం మంది చేసి ఉండరు.

నా లెక్క ఇదీ: ఐదుగురికి కనీసం మూడు ఫోన్లు, ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా పనిచేయాలి. నాది, మా ఆవిడది, నాన్నది. ఏ ఫోన్ పోయినా మిగతా రెండింటితో హోటల్‌కి చేరాలి, తిండి తినాలి, విమానం ఎక్కాలి.

మా ఇద్దరి ఫోన్లలో ఈ-సిమ్ ఉంది, కాబట్టి ఇక్కడే కొని ఎక్కించుకుంటాం. నాన్నది పదిహేను వేల ఫోన్, అందులో ఈ-సిమ్ లేదు. మనం రివ్యూల్లో ఒక లైనులో దాటేసే ఈ 'ఈ-సిమ్ లేదు' అనే మాట బరువు నాకు ఇప్పుడు తెలుస్తోంది. అయితే దాని కోసం ఫోన్ మార్చక్కర్లేదు. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే చాలు. ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు చూపిస్తే అక్కడి సిమ్ ఇస్తారు. ఇక్కడి సిమ్ తీయకూడదు, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. దానికి ఇంటర్నేషనల్ రోమింగ్ ముందే యాక్టివేట్ చేయించి, డేటా రోమింగ్ మాత్రం ఆపేసి ఉంచాలి. ఇంకో మాట. "నాన్నకి స్మార్ట్‌ఫోన్ ఎందుకు, కీప్యాడ్ ఫోన్ చాలు" అనుకునేవాళ్లు జాగ్రత్త. 2024 అక్టోబర్‌లో వియత్నాంలో 2జీ మాత్రమే ఉన్న ఫోన్లకు సర్వీసు ఆపేశారు. ఆ డబ్బా అక్కడ టైమ్ చూసుకోవడానికే పనికొస్తుంది.

గ్రాబ్‌ని హైదరాబాద్‌లోనే ఇన్‌స్టాల్ చేసి, మన నంబర్‌తో ఓటీపీ కొట్టి, రిజిస్టర్ చేసేశాం. పేమెంట్ దగ్గర క్యాష్ పెట్టాం. రేటు ముందే స్క్రీన్ మీద కనిపిస్తుంది, దిగాక అంత ఇస్తే సరి. మీటర్ గొడవ లేదు, భాష గొడవ లేదు. యాప్‌లో తెలుగు లేదు కాబట్టి రిహార్సల్ అవసరమైంది. గత రెండు ఆదివారాలు నాన్న చేత ఇక్కడి క్యాబ్ యాప్‌లో ఆయన చేతే బుక్ చేయించా. మా ఇంటి నుంచి అత్తయ్య వాళ్లింటికి, అక్కడి నుంచి మళ్లీ ఇంటికి.

"నువ్వుండగా నాకెందుకురా ఇదంతా?" అన్నారు మొదటి రోజు.

"నేను లేచేసరికి మీరు కాఫీ తాగి వచ్చేయాలి కదా నాన్నా" అన్నా.

రెండో ఆదివారం డ్రైవర్‌కి ఫోన్ చేసి, ఏ గేటు దగ్గర నిలబడ్డారో ఆయనే చెప్పారు. నా పదేళ్ల రివ్యూల్లో ఏ బెంచ్‌మార్క్ స్కోరూ నన్ను ఇంత ఖుషీ చేయలేదు.

భాష సంగతికొస్తే, వియత్నామీస్‌లో ఆరు స్వరాలు. 'మా' అనే ఒక్క శబ్దాన్ని పలికే తీరు మారిస్తే దెయ్యం, అమ్మ, గుర్రం, సమాధి, వరినారు అన్నీ వస్తాయి. కాబట్టి హోటల్ పేరు నోటితో చెప్పకండి, చూపించండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వియత్నామీస్, తెలుగు ప్యాక్‌లు రెండూ ఇక్కడి వైఫైలోనే దించుకుని, ఫ్లైట్ మోడ్ పెట్టి ఒకసారి పరీక్షించండి. అమ్మ మాంసం ముట్టదు. అక్కడ చేపల సాస్ చాలా వంటల్లో పడుతుంది, కూరగాయల ప్లేటులో కూడా. కానీ వియత్నామీస్‌లో శాకాహారాన్ని 'చాయ్' అంటారు, మన టీ మాటకి దగ్గరగానే పలుకుతారు. బోర్డు మీద సి, హెచ్, ఎ, వై అన్న నాలుగు అక్షరాలు కనిపిస్తే చాలు, నిశ్చింతగా లోపలికి వెళ్లొచ్చు. మనకి ఏకాదశి ఎలాగో, అక్కడి బౌద్ధుల్లో చాలామందికి చాంద్రమాన నెలలో 1వ, 15వ రోజులు అలాగ, ఆ రోజుల్లో ఇలాంటి హోటళ్లు కిటకిటలాడతాయి. మ్యాప్‌లో ఆ మాటతో వెతికి, హోటల్ చుట్టుపక్కల ఓ ఆరు చోట్లు అమ్మ ఫోన్‌లో సేవ్ చేశా. యాప్ తేవడం ఆలస్యమైనా ఆ నాలుగు అక్షరాలు గుర్తుంటే ఆవిడకి ఆకలి బాధ ఉండదు.

డబ్బు దగ్గర మన తెలివి కొంచెం తగ్గించుకోవాలి. ఇక్కడ కొబ్బరిబోండానికి కూడా స్కాన్ చేసే అలవాటు కదా మనది. అక్కడా ప్రతి బండి మీదా క్యూఆర్ కనిపిస్తుంది, కానీ ఆ వియెట్‌క్యూఆర్ అక్కడి బ్యాంకు ఖాతాలున్నవాళ్ల కోసం. యూపీఐని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి. కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి, మిగతాది నోట్లే. రూపాయికి దాదాపు 300 డాంగ్ కాబట్టి సున్నాలు తల తిప్పేస్తాయి. ముఖ్యంగా 20 వేల నోటూ, 5 లక్షల నోటూ రెండూ నీలమే. ఒకటి మన 70 రూపాయలు, ఇంకోటి 1,700 దాకా. సాయంత్రం వెలుతురు తక్కువ ఉన్నప్పుడు కళ్లజోడు లేకుండా ఇస్తే అంతే సంగతి. దీనికి యాప్ పరిష్కారం ఏమీ లేదు. నాన్న జేబులో 5 లక్షల నోట్లు ఉంచకపోవడమే పరిష్కారం.

వీసా మాత్రం 2017తో పోలిస్తే హాయి. అప్పుడు ఏజెంటు దగ్గర లెటర్ తీసుకుని, దిగాక క్యూలో నిలబడి స్టాంపు వేయించుకున్నా. 2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలవాళ్లకూ 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నారు. సింగిల్ ఎంట్రీ 25 డాలర్లు, మల్టిపుల్ అయితే 50. వెతికితే ముందు యాడ్స్ రూపంలో ఏజెంట్ల సైట్లు వస్తాయి, అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే ఉంటాయి. చివర డాట్ గవ్ డాట్ వీఎన్ ఉందో లేదో చూసి కట్టండి. మన తెలుగువాళ్లకి ఇంకో చిక్కు: ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఏది ఏ గడిలో ఉందో, ఫారంలోనూ అదే గడిలో అక్షరం తేడా లేకుండా నింపండి. ఆధార్‌లో ఎలా ఉంది, సర్టిఫికెట్లలో ఎలా ఉంది అన్నది అక్కడ ఎవరికీ పట్టదు. వచ్చిన వీసాలను ప్రింట్ తీసి, ఎవరిది వాళ్ల బ్యాగులో పెట్టండి. అవును, కాగితమే. బ్యాటరీ అయిపోని గ్యాడ్జెట్ అదొక్కటే.

"మరి ఫోటోలు?" అంటారు. నిజమే, రాత్రి న్యుయెన్ హ్యూ వీధి లైట్లలో నా మూడేళ్ల కెమెరాలో నాయిస్ కనిపిస్తుంది. ఒప్పుకుంటా. కానీ ఫ్లాగ్‌షిప్ కొంటే ఒక్క ఫోన్‌లోనే ఫోటోలు బాగా వస్తాయి, వాటిలో తీసేవాడు ఉండడు. నాన్న ఫోన్ స్టోరేజ్‌లో వాట్సాప్ గుడ్ మార్నింగ్‌లు తీసేసరికి 40 జీబీ ఖాళీ అయింది. ఆయన తీసే ఫోటోల కోసమే ఎదురుచూస్తున్నా.

మిగిలినవి చిన్న పనులు. ఉదయం ఎవరు బయటికి వెళ్లినా ఫ్యామిలీ గ్రూప్‌లో 8 గంటల లైవ్ లొకేషన్ ఆన్ చేసి వెళ్లాలని రూల్ పెట్టుకున్నాం, పాపకి తప్ప అందరికీ వర్తిస్తుంది, నాతో సహా. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ బ్యాగులో వేయకూడదు, చేతి సామానులోనే ఉండాలి. అది 100 వాట్-అవర్స్ లోపు అయితే మంచిది, అంటే సుమారు 27 వేల ఎంఏహెచ్ లోపు. మన రెండు పిన్నుల ఫోన్ చార్జర్లు అక్కడి సాకెట్లలో మామూలుగానే దూరతాయి, కరెంటు కూడా 220 వోల్టులే. లావు మూడు పిన్నుల ప్లగ్ మాత్రం దూరదు. అందుకే ల్యాప్‌టాప్ ఇంట్లోనే. నాన్న ఎలక్ట్రిక్ షేవర్ ప్లగ్ ఇంకా చూడలేదు, ఈ రాత్రికి చూస్తా.