ఆట వారిదే, వార్త కూడా వారిదేనా?

మార్కెట్ యార్డులో ధాన్యం కొనే వ్యాపారి తన కాటాతో తానే తూచి, తూకం సరిగ్గా ఉందని చీటీ కూడా తానే రాసుకుంటే రైతు ఒప్పుకోడు. పక్కన మరొకరు నిలబడి చూడాలంటాడు. క్రీడల విషయంలో ఈ జాగ్రత్త మనకు కొరవడుతోంది.

ఐ.పి.ఎల్. పోటీలు నిర్వహించేది భారత క్రికెట్ బోర్డు. మైదానంలో ప్రసార చిత్రాలు తీయించేదీ, సొంత వెబ్‌సైటులో ఆటగాళ్ల ముచ్చట్లు చూపించేదీ ఆ బోర్డే. 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులను 48,390 కోట్ల రూపాయలకు అమ్ముకున్నదీ ఆ బోర్డే. మన పల్లెల ఆట కబడ్డీదీ ఇదే దారి. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగును నడిపే సంస్థలో 74 శాతం వాటాను, ఆ పోటీలను ప్రసారం చేసే స్టార్ ఇండియాయే 2015లో కొన్నది.

రచ్చబండ మీద కూర్చుని ఫోనులో ఆట చూసే కుర్రవాడికి దీనివల్ల వినోదం దక్కుతున్న మాట నిజమే. కాని వినోదం వేరు, వార్త వేరు.

2012లో ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చినప్పుడు బోర్డు కొన్ని ఫోటో ఏజెన్సీలను మైదానంలోకి అనుమతించలేదు. అందుకు నిరసనగా రాయిటర్స్, ఏ.పి., ఏ.ఎఫ్.పి. సంస్థలు ఆ పోటీల వార్తలు, ఫోటోలు పంపడం మానివేశాయి. 2013లో ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ ఇయాన్ చాపెల్, జట్టు ఎంపిక గురించీ బోర్డు పాలన గురించీ మాట్లాడరాదన్న షరతుకు తలవంచక, మన దేశంలో వ్యాఖ్యాతగా పని చేసే అవకాశాన్నే వదులుకున్నారు.

అదే ఏడాది మే నెలలో స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణపై ముగ్గురు రాజస్థాన్ ఆటగాళ్లను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. బెట్టింగు వ్యవహారాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2015లో లోధా కమిటీ చెన్నై, రాజస్థాన్ జట్లను రెండేళ్లపాటు పోటీలకు దూరం పెట్టింది. ఈ బాగోతం బోర్డు కెమెరాల ద్వారా బయటపడలేదు. పోలీసులు, కోర్టు, పత్రికలు వెంటపడితేనే బయటపడింది.

బెట్టింగులో డబ్బు పోగొట్టుకుని అప్పుల పాలైన కుర్రవాళ్లు మన పల్లెల్లోనూ ఉన్నారు. వారి గోడు ఏ లీగు ఛానెలు వినిపిస్తుంది?

కాబట్టి లీగులు పంపిన ప్రకటనలను యథాతథంగా అచ్చు వేసే అలవాటును పత్రికలు మానుకోవాలి. విలేకరికీ, ఫోటోగ్రాఫరుకూ మైదానంలో చోటివ్వడం దయ కాదని, బాధ్యత అని బోర్డులు గుర్తించాలి. కాటా ఎవరిదైనా, తూకం చూసే మనిషి వేరేవాడై ఉండాలి.