‘తెల్లవారితే’ అను మాటకు ఆంగ్లమేది?

“తెల్లవారితే పెళ్ళి” అను వాక్యమును ఆంగ్లమున వ్రాయుమన్నచో పెక్కుమంది విద్యార్థులు వెనుకాడక ‘ఇఫ్’ అని ఆరంభింతురు. వాక్యమున వ్యాకరణదోషము కానరాదు. కాని అర్థమును విచారించినచో, తెల్లవారునో లేదో యని పెండ్లివారు సందేహించుచున్నట్లు తేలును! ఇచట రావలసినది ‘వెన్’. తెలుగున ‘తే’ యొక్కటియే నిశ్చయమునకును, అనిశ్చయమునకును చెల్లును. ఆంగ్లము ఆ రెంటిని వేరుపరచును. ఈ భేదమును చెప్పని పాఠము ఎంత దీర్ఘమైనను అసంపూర్ణమే.

ఇఫ్ వాక్యములు మూడు తెఱగులని నల్లబల్లపై పట్టిక వ్రాసి వల్లె వేయించుట పాఠశాలలలో పరిపాటి. పరీక్షలో ఖాళీలు పూరింపగల బాలుడు సొంతముగా ఉత్తరము వ్రాయబోయి తడబడుటకు కారణ మిదియే: పట్టికలో క్రియారూపములు కలవు, భావము లేదు. ఆ భావము బాలుని తెలుగులో ముందే యున్నది.

“వాన కురిస్తే చెరువు నిండుతుంది.” ఇందు భవిష్యత్తు ‘నిండుతుంది’ యందే కలదు, ‘కురిస్తే’ యందు లేదు. ఆంగ్లమును అంతే: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ది ట్యాంక్ విల్ ఫిల్.’ ఇఫ్ వెంట విల్ చేర్చు బాలుడు తన తెలుగును గమనింపలేదన్నమాట. “రెక్కలుంటే ఎగిరిపోయేవాడిని.” ఎగురుట గతమున జరుగలేదు; అయినను క్రియ గతరూపము దాల్చినది. ‘ఇఫ్ ఐ హాడ్ వింగ్స్, ఐ వుడ్ ఫ్లై’ అనునపుడు హాడ్ గతకాలమును గాక అసంభవమును తెలుపుట అతనికి ఇక వింత గాదు. “నిన్న కురిసి ఉంటే నిండేది” అను మాట తెలిసినవానికి ‘హాడ్ రెయిన్డ్’, ‘వుడ్ హావ్ ఫిల్డ్’ అను రూపములును బోధపడును.

సముచ్చయపదముల సంగతియు నిట్టిదే. ‘దో’తో మొదలిడి నడుమ ‘బట్’ చేర్చుట మన విద్యార్థులలో తఱచు దోషము. దీనిని మాతృభాషాప్రభావమని నిందింతురు. “వాన కురిసినా వచ్చాడు” అను తెలుగువాడు ‘కాని’ని చేర్చునా? విరోధమును ఒక్కమాటు చెప్పిన చాలునని తెలుగే నేర్పుచున్నది. “చదవకపోతే తప్పుతావు” అనునపుడు నిషేధ మొక్కటే. ‘అన్‌లెస్’లో నిషేధ మిమిడియుండగా దాని వెంట మరల ‘నాట్’ ఏల?

ఆంగ్లమును ఆంగ్లముననే బోధింపవలెనను వాదమున కొంత న్యాయము లేకపోలేదు. వినికిడి, సంభాషణము పెరుగనిదే ఏ భాషయు పట్టుబడదు. కాని ఆ వాదమును హద్దు మీరనిచ్చినచో పల్లెబడి బాలుడు తన తెలుగే తనకు అడ్డమని నమ్మి సిగ్గుపడును. సిగ్గుపడినవాడు నోరు విప్పడు. నోరు విప్పనివానికి సంభాషణమెక్కడిది?

కావున ఉపాధ్యాయుడు పట్టిక వ్రాయుటకు ముందు వానను, రెక్కలను, నిన్నటి చెరువును గూర్చి మూడు తెలుగు వాక్యములు పిల్లలచేతనే చెప్పింపవలెను. జరుగవచ్చునది ఏది, జరుగనేరనిది ఏది, చేజారినది ఏది యని అడుగవలెను. పిమ్మట పట్టికను వారే వ్రాయగలరు.