బహిరంగ సభలు చాలా చూసినం, బహిరంగ సమావేశం ఎప్పుడు చూస్తం?

పోస్టు కొంచెం పెద్దగ ఉంటది. పరీక్షలు ఉన్నోళ్లు సేవ్ చేసుకొని తర్వాత చదవండి, కానీ చదవండి.

తుక్కుగూడ పేరు రాష్ట్రంలో అందరికీ తెలుసు. ఎందుకంటే ఇక్కడ పెద్ద పెద్ద సభలు జరుగుతయి. 2022 మే 14న బీజేపీ సభకు అమిత్ షా ఇక్కడికే వచ్చిండు. 2023 సెప్టెంబరు 17న కాంగ్రెస్ విజయభేరి ఇక్కడే పెట్టింది, ఆరు గ్యారంటీలు ఇక్కడి స్టేజీ మీది నుంచే చెప్పిండ్రు. 2024 ఏప్రిల్ 6న జనజాతర కూడా ఇక్కడే. బస్సులు పెట్టి మన తండాల నుంచి కూడా జనాన్ని తీసుకొచ్చిండ్రు. ఆ సభల్లో దేశం గురించి విన్నం, రాష్ట్రం గురించి విన్నం. మంచిదే.

కానీ మన వీధి మోరీ గురించి, తండాకు వచ్చే నల్లా గురించి, రోడ్డు బిల్లు గురించి నిర్ణయం ఆ మైదానంలో జరగలేదు. అది ఒక చిన్న గదిలో జరుగుతది. పది పదిహేను మంది కుర్చీల్లో కూర్చుంటరు, ఒక అధికారి ఎజెండా చదువుతడు, తీర్మానం రాస్తరు, సంతకాలు పెడతరు. ఆ గదిలోకి మనల్ని ఎవరూ బస్సు పెట్టి తీసుకుపోరు. అసలు ఆ సమావేశం ఏ రోజు ఉన్నదో మనలో ఎంతమందికి తెలుసు? మేము హాస్టల్లో అడిగి చూసినం. ఇరవై మందిని అడిగితే ఒక్కరికి కూడా తెల్వదు. మాకూ తెల్వదు.

ఈ పోస్టులో మేము చెప్పదల్చుకున్నది ఒక్కటే. స్థానిక సంస్థల సమావేశాలు జనం ముందు జరగాలె, కాగితాలు జనం చదివేటట్టు ఉండాలె, దాని కోసం అడగాల్సింది మొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కిన మనమే.

ఊరు పట్నం అయితే ఏం పోతది?

తుక్కుగూడ 2018లో మున్సిపాలిటీ అయింది. రావిర్యాల, మంఖాల్ లాంటి ఊర్లు అందులో కలిసినయి. 15 వార్డులకు 2020 జనవరిలో ఎన్నికలు జరిగినయి. చైర్మన్ ఎన్నికలో ఎక్స్ అఫీషియో ఓట్ల గురించి అప్పుడు రాష్ట్రమంతా చర్చ అయింది, టీవీల్లో కూడా వచ్చింది. ఆ ఒక్క రోజు అందరి కండ్లు తుక్కుగూడ మీదనే ఉన్నయి. తర్వాత ఐదేండ్లు అదే సభ్యులు కూర్చొని మాట్లాడుకున్న సమావేశాల మీద ఎవరి కన్ను ఉన్నది? 2025 జనవరిలో పదవీకాలం అయిపోయింది, అధికారుల పాలన వచ్చింది. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో కలిపిండ్రు. అందులో తుక్కుగూడ కూడా ఉన్నది.

పంచాయతీ, మున్సిపాలిటీ, మహానగరం. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా బోర్డు పెద్దగైంది, మన మాట చిన్నగైంది.

ఎట్లంటే, పంచాయతీ ఉన్నంత కాలం గ్రామసభ ఉంటది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషి గ్రామసభ సభ్యుడే. రాజ్యాంగంలో 243(బి) అదే చెప్తది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒక్కసారైనా గ్రామసభ పెట్టాలె. మన యాడి, మన బాపు లేచి నిలబడి "ఈ లెక్క ఏంది" అని అడగొచ్చు. అడిగే ధైర్యం ఉందా లేదా అన్నది వేరే సంగతి, హక్కైతే ఉన్నది.

ఊరు మున్సిపాలిటీ అయితే గ్రామసభ పోతది. ఉపాధి హామీ పని కూడా పోతది, అది పల్లెలకే కాబట్టి. గ్రామసభ జాగాలో వచ్చేది ఏంది? రాజ్యాంగం 243ఎస్ ప్రకారం వార్డు కమిటీలు తప్పనిసరి అయ్యేది 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే. చిన్న పట్టణాల కోసం 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలో ఒక మంచి మాట రాసిండ్రు. ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలె. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్దవయసు వాళ్లకు ఒకటి, ప్రముఖులకు ఒకటి, ఒక్కోదాంట్ల 15 మంది. అంటే ఒక్క వార్డుకు 60 మంది. 15 వార్డులకు 900 మంది అయితరు. తుక్కుగూడలో ఆ 900 పేర్ల లిస్టు మీరు ఎప్పుడన్నా చూసిండ్రా? యువత కమిటీలో మన తండా పిల్లలు ఎవరున్నరు? ఇది ఎత్తిపొడుపు కాదు, నిజంగనే అడుగుతున్నం. తెలిసినోళ్లు కామెంట్లో చెప్పండి.

ఇక్కడ సమాచారం అంటే భూమి

"మీటింగుకు పోయి ఏం చేస్తం, చదువుకోండి" అని పెద్దలు అంటరు. వాళ్లకు ఒక్క మాట చెప్తం. తుక్కుగూడ లాంటి జాగాలో సమాచారం అంటే కాగితం కాదు, భూమి. ఔటర్ వచ్చింది, ఎయిర్‌పోర్టు దగ్గర, ఫ్యాబ్ సిటీ వచ్చింది. ఏ గల్లీ వంద ఫీట్ల రోడ్డు అయితదో, ఏ సర్వే నంబరు గ్రీన్ జోన్ అయితదో, డ్రైనేజీ లైను ఎటు పోతదో నెల రోజుల ముందు తెలిసినోడు కొంటడు. తెల్వనోడు అమ్ముతడు. అమ్మినోడు తర్వాత అదే జాగాలో కట్టిన గేటు ముంగట వాచ్‌మన్ డ్యూటీ చేస్తడు. ఇట్లాంటి కథ మన చుట్టాల్లో ప్రతి ఇంట్ల ఒకటి ఉన్నది. మేము ఏ ఒక్కరి పేరూ ఎత్తుతలేము. కానీ ఒక ప్లాను గురించి గదిలో కూర్చున్నోళ్లకు ఒక రోజు, గది బయట ఉన్నోళ్లకు ఇంకో రోజు తెలిస్తే, ఆ రెండు రోజుల మధ్యన నష్టపోయేది ఎవరో చెప్పాల్సిన పని లేదు.

బహిరంగంగా మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు

తండాలో నసాబ్ ఎట్ల జరిగేది? నాయక్ ఇంటి ముంగట, అందరు చూస్తుండగ. కార్భారి, డావ్, పెద్దమనుషులు కూర్చుంటే చుట్టూ తండా నిలబడేది. తలుపు మూసి తీర్పు చెప్తే తండా ఒప్పుకునేది కాదు. ఆడవాళ్ల మాటకు అక్కడ విలువ తక్కువ ఉండేది, అది ఒప్పుకోవాలె. కానీ నలుగురి ముంగట మాట్లాడాలన్న నియమం మాత్రం గట్టిది.

ఆదిలాబాద్ అన్నలకు నాగోబా దర్బార్ తెలుసు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ అమరుడైన తర్వాతనే నిజాం సర్కారుకు అడవి బిడ్డల బాధ వినాలన్న సోయి వచ్చింది. హైమన్‌డార్ఫ్ వచ్చిండు, కేస్లాపూర్ జాతరలో దర్బార్ మొదలైంది. అధికారులు కచేరీలో కూర్చుంటే జనం దొరకరు కాబట్టి, జనం ఉన్న కాడికే అధికారులు రావాలన్నది దాని సూత్రం. ఏడాదికి ఒక్కసారి వినడం చాలదు, నిజమే. కానీ పద్ధతి మాత్రం మనది.

2013 సంగతి యాది చేసుకోండి. ఒడిశా నియమగిరిలో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని ఆ ఏడు ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగినయి, జిల్లా జడ్జి స్థాయి అధికారి కూర్చొని చూసిండు. డోంగ్రియా కోంధులు ఒక్కొక్కరు లేచి మాట్లాడిండ్రు. 12కు 12 గ్రామసభలు వద్దన్నయి. వేదాంత లాంటి కంపెనీ ఆగింది. అదే నిర్ణయం భువనేశ్వర్‌లో ఒక ఏసీ గదిలో జరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

లెక్క చదివితే ఏమైతది?

రాజస్థాన్‌లో 1994 డిసెంబరులో కోట్‌కిరానా అనే ఊర్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు జన్ సున్‌వాయి పెట్టిండ్రు. టెంటు వేసి, పని బిల్లులు, కూలీల మస్టర్లు జనం ముంగట చదివిండ్రు. అంతే చేసింది. పేరు చదువుతుంటే ఆ పేరుగల్ల మనిషి లేచి "నేను ఆ పనికి పోనే లేదు" అనడం మొదలైంది. ఆ దారిలోనే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది, అక్టోబరు 12 నుంచి అమలైంది.

మన దగ్గర కూడా ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగింది. కూలీ ఇండ్ల పిల్లలు, ఇంటరో డిగ్రీనో చదివినోళ్లు మస్టర్లు పట్టుకొని ఇంటింటికీ తిరిగి అడిగిండ్రు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముంగట చదివిండ్రు. మన వయసోళ్లే, మన లాంటి ఇండ్లోళ్లే.

2025 జనవరిలో ఇందిరమ్మ ఇండ్లు, రేషన్ కార్డుల లిస్టులు గ్రామసభల్లో, వార్డు సభల్లో చదివినప్పుడు ఎంత లొల్లి అయిందో అందరం చూసినం. కొందరు ఆ లొల్లిని చూపించి "అందుకే జనం ముంగట పెట్టొద్దు" అన్నరు. మేము ఉల్టా అంటం. పేరు లేనోడు పేరు లేదని ఆ రోజే తెలుసుకున్నడు, అడిగిండు, మళ్ల దరఖాస్తు పెట్టుకున్నడు. చదవకపోతే ఆర్నెల్ల తర్వాత పక్కింటికి ముగ్గు పోసినప్పుడు తెలిసేది. లొల్లి లేని మీటింగు అంటే అందరు ఒప్పుకున్నట్టు కాదు, చాలాసార్లు అందరికీ తెల్వనట్టు.

వేరే దేశంలో ఎట్లున్నది?

అమెరికాలో కాలిఫోర్నియా అనే రాష్ట్రంలో 1953లో బ్రౌన్ చట్టం అని ఒకటి తెచ్చిండ్రు. స్థానిక సంస్థలు రహస్యంగా కూర్చొని నిర్ణయాలు చేస్తున్నయని ఒక పేపర్ రిపోర్టర్ వరుస కథనాలు రాస్తే అది చట్టం దాకా పోయింది. దాని ప్రకారం మామూలు సమావేశానికి 72 గంటల ముందు ఎజెండా అతికించాలె. ఎజెండాలో లేని దాని మీద నిర్ణయం చేయొద్దు. వచ్చిన జనానికి మాట్లాడే అవకాశం ఇయ్యాలె. సభ్యుల్లో మెజారిటీ వాళ్లు బయట ఫోన్ల మీద మాట్లాడుకొని ముందే తేల్చుకోవడం కూడా తప్పే. కోర్టు కేసు, ఉద్యోగి వ్యవహారం, భూమి ధర బేరం లాంటివి కొన్ని మూసిన తలుపుల వెనక మాట్లాడొచ్చు, కానీ అవి ఏవో చట్టంలోనే లెక్కపెట్టి రాసిండ్రు. అంటే అక్కడ తెరిచి ఉంచడం నియమం, మూయడం మినహాయింపు. మన దగ్గర ఇది తిరగేసి నడుస్తున్నది.

మనం అడగాల్సినవి

1. సమావేశానికి మూడు రోజుల ముందు ఎజెండా తెలుగులో ఆఫీసు బోర్డు మీద, వార్డు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలె.
2. సమావేశం జరిగే హాల్లో జనానికి కుర్చీలు వేయాలె. మాట్లాడనీయకపోయినా ముందైతే చూడనీయాలె.
3. తీర్మానాల కాపీ వారంలోపు బయట పెట్టాలె, ఎవరు అవునన్నరు, ఎవరు కాదన్నరు అన్నదానితో సహా.
4. ప్రతి పని దగ్గర ఎంత బిల్లు, ఎన్ని మీటర్లు, కాంట్రాక్టర్ ఎవరు, ఎప్పటికి పూర్తి కావాలె అని బోర్డు ఉండాలె.
5. వార్డు కమిటీల పేర్లు బయట పెట్టాలె. ఇప్పుడు మహానగరంలో కలిసినం కాబట్టి, మన వార్డు మాట ఎక్కడ, ఏ రోజు వింటరో చెప్పాలె.

అడగడం ఎట్ల?

సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 4(1)(బి) అని ఉన్నది. బడ్జెట్, ఖర్చు, కమిటీల సమావేశాలు జనానికి తెరిచి ఉంటయా, మినిట్స్ దొరుకుతయా అన్న వివరాలు సహా 17 రకాల సమాచారం ఎవరూ అడగకముందే ఆఫీసే బయట పెట్టాలె. పెట్టకపోతే తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయండి. ఊరి స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె. కారణం లేకుండా లేట్ చేస్తే రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు. ఇంకోటి చాలామందికి తెల్వదు. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని కండ్లతో పోయి చూసే హక్కు, వాడిన సిమెంటు కంకర శాంపిల్ తీసుకునే హక్కు కూడా మనకు ఉన్నది.

హక్కు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. మన రాష్ట్ర సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనర్ కూడా లేడు. రెండేండ్లకు పైగా అప్పీళ్లు వినే దిక్కు లేకుండె. అందుకే ఒక్కరు కాగితం పెడితే చాలదు, పది మంది పెట్టాలె, పది మంది యాది పెట్టుకోవాలె. పేరు ఒక్కటే ఉంటే ఆ పేరు మీద ఒత్తిడి వస్తది. పేర్లు పది ఉంటే ఒత్తిడి పలచబడతది.

మన ఇంటి నుంచే మొదలు పెడదాం. 2024లో డైట్ చార్జీలు పెరిగినయి, కాలేజీ హాస్టల్ పిల్లలకు నెలకు 1,500 నుంచి 2,100 అయింది. రోజుకు 70 రూపాయలు. ఆ 70 ఎట్ల ఖర్చయితున్నదో మన మెస్ గోడ మీద రాసి ఉన్నదా? మెస్ కమిటీ మీటింగు ఎవరి ముంగట అయితున్నది? మన హాస్టల్ లెక్కనే మనం అడగలేకపోతే రేపు మున్సిపల్ లెక్క ఏం అడుగుతం? ఇట్లనే మన సంఘాల చందా లెక్కలు కూడా. ఈ గ్రూపు సేవాలాల్ జయంతికి వసూలు చేసిన ప్రతి రూపాయి లెక్క ఇక్కడే పోస్టు చేయాలని మా వినతి. ఇతరులను అడిగే నియమం ముందు మన మీద పెట్టుకోవాలె.

చాలామందిమి మా ఇండ్లల్ల కాలేజీకి వచ్చిన మొదటి మనుషులం. మన అమ్మానాన్నలు తీర్మానం పుస్తకంలో వేలిముద్ర వేసిండ్రు, లోపల ఏమున్నదో చదివి చెప్పినోడు లేడు. మనకు చదువొచ్చింది. ఆ పుస్తకం తీసి చదువుదాం.

ఈ నెలలో తుక్కుగూడ వార్డు కమిటీల లిస్టు, గత తీర్మానాల కాపీలు అడుగుతూ దరఖాస్తులు పెడుతున్నం. కలిసి సంతకం పెట్టేటోళ్లు పేరు రాయండి. దరఖాస్తు నమూనా రేపు ఇక్కడే పెడతం. జవాబు వచ్చినా రాకపోయినా ముప్పై ఒకటో రోజు ఇదే గ్రూపులో చెప్తం.

హాస్టల్ గదుల నుంచి,
మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు.
జై సేవాలాల్. జోహార్ కొమురం భీమ్.