పెరటితోట: మాచిపత్రి కాని మాచిపత్రి



వర్షములు పడినది మొదలు మా పిఠాపురమున పెరళ్లయందును, గోడల ప్రక్కలను, పాడుదొడ్లలోను ఒక మొక్క ఒత్తుగా పెరుగుచున్నది. నాటినవారు లేరు, నీరు పోసినవారు లేరు. దాని పేరేమని పొరుగింటి పిన్నిగారు నన్నడిగిరి. లేతదశలో ఆకులు నేలకు అంటుకొని చక్రమువలె పరచుకొనును. చామంతి ఆకువలె చీలికలు చీలికలుగా నుండును. పిదప నిటారుగా లేచి, కొమ్మకొమ్మకును బియ్యపునూకవంటి తెల్లని పూలు పూయును. ఈ గుర్తులున్నయెడల అది వయ్యారిభామ. ఇంత చెడ్డ కలుపునకు ఆడుదాని పేరు పెట్టినవారెవరో కాని, వారు ఒక్కనాడును కలుపు తీసి యెరుగరనుకొందును!

శాస్త్రజ్ఞులు దీనిని పార్థీనియమందురు. దీని పుట్టినిల్లు అమెరికా ఖండము. మన దేశమున 1955లో పూనాయందు దీని వ్యాప్తిని గుర్తించిరి. విదేశపు గోధుమలతో విత్తనములు వచ్చినవని పలువురి మతము. ఒక్క మొక్క వేలకొలది విత్తనములు రాల్చును. మొలచిన నెల, నెలన్నరకే పూతకు వచ్చును.

నాకు భయము వినాయకచవితి పత్రిని గురించి. ఇరువదియొక్క పత్రములలో మొదటిది మాచిపత్రియే కదా. పిల్లలు వయ్యారిభామనే మాచిపత్రియనుకొని చేతులారా కోసి, గుండెల కదుముకొని తెత్తురు. మాచిపత్రి ఆకును త్రిప్పిన అడుగున తెల్లని నూగుండును, సువాసన గలదు. వయ్యారిభామకు రెండువైపులను పచ్చదనమే. తెల్లపూలున్నచో ఇక సందేహమే లేదు. నలిపి వాసన చూచుట మాత్రము తగదు. దీనివలన దురద, దద్దురులు కలుగును. పుప్పొడి తుమ్ములను, ఉబ్బసమును తెచ్చును. ఒకసారి తాకిన నేమియు కాలేదని ధైర్యపడరాదు. పలుమారులు తాకిన పిదప ఒంటికి పడకుండుట మొదలై, ఏండ్లతరబడి వదలదు. పాడిపశువు తిన్నచో పాలు చేదగును.

పూతకు ముందే, వాన వెలిసి నేల మెత్తగానున్నప్పుడు, వేరుతో పెరికివేయవలయును. పూయనివి ఎరువుకుప్పలో వేయవచ్చును, పూచినవి వేయరాదు. ఆకులపై పాలరంగున గోధుమవన్నె చారలుగల చిన్న పెంకుపురుగు కనబడిన చంపకుడు. దీనిని తినుటకే మెక్సికోనుండి తెప్పించి, 1984లో బెంగుళూరున విడిచిన పురుగది.

చేతులకు తొడుగులు, అవి లేనిచో ప్లాస్టిక్ సంచులైనను తప్పవు. మనము చేయక పనిమనిషిచేత పెరికించునప్పుడు ఆమె చేతులను గూడ తలచుకొనుడు. తొడుగులు మన ఖర్చుతోనే కొని, పని చెప్పుటకు ముందే యీయవలయును.