కిటికీలో కుండీ: మందు కోసం కాదు, వంట కోసం

కోయంబత్తూరులోనైనా, మదురైలోనైనా మన తెలుగు ఇళ్లల్లో కొత్తిమీర, పుదీనా లేకుండా వారం గడవదు. చారులోకి కొత్తిమీర కావాలి. బిర్యానీలోకి పుదీనా కావాలి. రంజాన్ నెల వచ్చిందంటే మసీదులో కాచే నోంబు కంజిలోకి రెండూ కావాలి. అయినా మన వంటగదిలో అతి తక్కువ గౌరవం పొందే వస్తువులు ఈ రెండే. కూరగాయలు కొన్నాక కొసరుగా అడిగి వేయించుకునే ఆకు కదా! ఊరికే వచ్చేదానికి విలువ ఉండదు. కట్టలో సగం వాడతాం. మిగతా సగం ఫ్రిజ్‌లో నల్లబడి చెత్తబుట్టలోకి పోతుంది. అదే ఇంట్లో ఆకలికి ఒక సీసా, అరుగుదలకు ఒక సీసా, గ్యాసుకు ఒక పొడి డబ్బు పెట్టి కొని వరసగా పేర్చి ఉంటాయి.

ఒకప్పుడు ఇళ్లకు పెరడు ఉండేది. వంటింటి నీళ్లు పారే చోట పుదీనా దానంతటదే అల్లుకునేది. ఇప్పుడు చాలామందికి పెరడు లేదు, మిద్దె కూడా సొంతం కాదు. మిగిలింది కిటికీ ఒక్కటే. ఆ కిటికీలో రెండు మూడు కుండీలు ప్రతి ఇంట్లోనూ ఉండాలన్నది మా అభిప్రాయం. అయితే అవి మందుల కొట్టు కావు, వంటింటికి తోడు మాత్రమే. ఈ తేడా తెలియకపోతే కుండీ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరగవచ్చు.

ఆహారమే మొదటి చికిత్స

యునానీ వైద్యంలో చికిత్స నాలుగు విధాలు. ఆహారంతో చేసేది ఇలాజ్ బిల్ గిజా. దినచర్యను సరిచేసి, మర్దన, స్నానం, వ్యాయామం వంటి పద్ధతులతో చేసేది ఇలాజ్ బిత్ తద్బీర్. మందులతో చేసేది ఇలాజ్ బిద్ దవా. శస్త్రచికిత్స ఇలాజ్ బిల్ యద్. ఆహారంతో నయమయ్యేదానికి మందు ఇవ్వకూడదని, ఒక్క మూలికతో పోయేదానికి పది కలిపిన మందు ఇవ్వకూడదని యునానీ పెద్దల మాట.

11వ శతాబ్దంలో ఇబ్న్ సీనా రాసిన 'అల్ ఖానూన్' అనే మహాగ్రంథంలో రెండవ భాగమంతా ఒంటరి మూలికల గురించే. ప్రతి ఆకుకూ, గింజకూ ఒక స్వభావం ఉంటుందని, దాన్ని 'మిజాజ్' అంటారని అందులో వివరించారు. వేడి, చలువ, పొడి, తేమ అనే నాలుగు గుణాల కలయికే మిజాజ్. ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. 'ఇది వేడి చేస్తుంది', 'అది చలవ చేస్తుంది' అని మన ఇళ్లల్లో ఆడవాళ్లు రోజూ అనే మాట ఇదే. మదురైలో వేసవికి తాగే జిగర్‌తండా పేరు కూడా ఉర్దూలో 'కాలేయానికి చల్లదనం' అనే అర్థంలో వచ్చిందే.

పుదీనా వేడి, పొడి స్వభావం గలది. పచ్చి కొత్తిమీర చల్లని స్వభావం గలది. రెండూ కలిపి నూరిన పచ్చడిలో ఒకదాని అతిని మరొకటి సరిచేస్తుంది. ఇలా సరిచేసే పదార్థాన్ని యునానీలో 'ముస్లిహ్' అంటారు. మాంసం బిర్యానీ పక్కన పుదీనా, కొత్తిమీర వేసిన పెరుగు పచ్చడి పెట్టడం ఊరికే పుట్టిన అలవాటు కాదు. బరువైన, వేడిచేసే తిండికి పక్కనే దాని ముస్లిహ్‌ను ఉంచడం అది. ఇలా ఆహారంగా తింటూనే కొద్దిగా మందు గుణం చూపేవాటిని 'గిజా ఎ దవాయి' అంటారు. మన కిటికీ కుండీలో పెరగవలసినవి ఇవే.

ఈ గుణం చాలావరకు ఆకు తాజాదనంలో ఉంది. పుదీనా వాసనకు కారణం అందులోని త్వరగా ఆవిరయ్యే తైలం. ఆకు వాడినకొద్దీ ఆ వాసన తగ్గిపోతుంది. కొత్తిమీరలోని సి విటమిన్ కూడా నిల్వలో తగ్గుతుంది. తోటలో కోసి, లారీ ఎక్కి, మార్కెట్లో పడి, తడి గోనె కింద పొద్దంతా ఉండి ఇంటికి వచ్చిన కట్టకూ, పొయ్యి మీద గిన్నె ఉండగా తుంచి వేసిన నాలుగు రెమ్మలకూ తేడా నాలుకకే తెలుస్తుంది.

బజారు ఆకు సంగతి

మరొక కారణం కూడా ఉంది. కోయంబత్తూరుకు దగ్గరలోని కారమడై, మేట్టుపాళయం ప్రాంతాల్లో కరివేపాకు పెద్ద ఎత్తున పండిస్తారు. అక్కడి నుంచి కేరళకు రోజూ లోడ్లు వెళతాయి. తిరువనంతపురం దగ్గర వెళ్లాయణిలో ఉన్న కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రయోగశాల 2010ల్లో మార్కెట్ కూరగాయలను వరసగా పరీక్షించింది. పురుగుమందుల అవశేషాలు తరచుగా కనిపించిన వాటిలో కరివేపాకు, కొత్తిమీర, పుదీనా ఉన్నాయి. 2015లో ఇది రెండు రాష్ట్రాల మధ్య వివాదంగా మారింది. తమిళనాడు ప్రభుత్వం, రైతులు ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు.

రైతును నిందించడం మా ఉద్దేశం కాదు. చిన్న మచ్చ ఉన్నా కట్ట కొనని మనం కూడా ఇందులో భాగస్తులమే. గమనించవలసింది ఏమిటంటే, పచ్చిగా తినే ఆకులే ఇవి. కూరలో చివర వేసి దించేస్తాం, పచ్చడిలో పచ్చిగానే నూరతాం. కాబట్టి బజారులో కొన్న ఆకును చింతపండు నీళ్లలో కాసేపు ఉంచి, తరువాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. అక్కడి శాస్త్రవేత్తలు ఇచ్చిన సలహా కూడా ఇదే. ఇంట్లో పెంచిన ఆకుకు ఏమి చల్లామో, ఏమి చల్లలేదో మనకు తెలుసు. ఈ ధీమా ఏ దుకాణంలోనూ దొరకదు.

కిటికీ కుండీతో బజారుకు వెళ్లే పని తప్పిపోతుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. పండగ నాటి బిర్యానీకి కట్టలకు కట్టలు కొనవలసిందే. కుండీ ఇచ్చేది రోజుకు ఒక గుప్పెడు. కానీ ఆరోగ్యానికి కావలసింది ఆ రోజువారీ గుప్పెడే.

ఏ ఆకు, ఎలా పెంచాలి?

తూర్పు కిటికీ అన్నింటికంటే మంచిది. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు పడితే చాలు. పడమటి కిటికీ అయితే ఏప్రిల్, మే నెలల్లో మదురై ఎండకు లేత ఆకు మాడిపోతుంది, పల్చటి గుడ్డ అడ్డం కట్టాలి. కోయంబత్తూరులో జూన్ నుంచి పాలక్కాడు కనుమ మీదుగా వీచే గాలికి కుండీలోని తడి తొందరగా ఆరిపోతుంది, కుండీ దొర్లి కింద నడిచేవారి మీద పడే ప్రమాదమూ ఉంది. కుండీని కిటికీ చువ్వలకు లోపలివైపే పెట్టాలి.

మట్టి కుండీ అయినా, పాత ప్లాస్టిక్ డబ్బా అయినా అడుగున రంధ్రం తప్పనిసరి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, కొబ్బరి పొట్టు సమంగా కలపాలి. పొల్లాచ్చి పక్కనే ఉంది కాబట్టి మనకు కొబ్బరి పొట్టుకు కొదవ లేదు.

పుదీనా: మొదటిసారి పెంచేవారు దీనితోనే మొదలుపెట్టాలి. బజారు కట్టలోనే నాలుగు ముదురు కాడలు ఏరి, కింది ఆకులు తీసేసి, గ్లాసు నీళ్లలో ఉంచితే ఒకటి రెండు వారాల్లో వేళ్లు వస్తాయి. నీళ్లు రోజు విడిచి రోజు మార్చాలి. తరువాత కుండీలో నాటాలి. కొసలు తుంచినకొద్దీ గుబురుగా పెరుగుతుంది.

కొత్తిమీర: ధనియాలను మెల్లగా నలిపి రెండు బద్దలుగా చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లాలి. మొలక రావడానికి పది రోజులు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. ఓపిక పట్టాలి. సుమారు 40 రోజులకు కోతకు వస్తుంది. పుదీనాలాగా ఏళ్ల తరబడి ఉండదు కాబట్టి పదిహేను రోజులకొకసారి మరో డబ్బాలో చల్లుకోవాలి. 1906 నుంచి కోయంబత్తూరులో ఉన్న వ్యవసాయ కళాశాల 1971లో విశ్వవిద్యాలయం అయింది. 'కో' పేరుతో కొత్తిమీర రకాలను విడుదల చేసింది ఆ సంస్థే. మంచి విత్తనం కావాలనుకునేవారు అటువైపు అడిగి చూడవచ్చు.

మెంతికూర: ఎండలు ముదిరి కొత్తిమీర సరిగా రాని నెలల్లో ఇది ఆదుకుంటుంది. వంటింటి మెంతులే చల్లితే చాలు. వారం లోపే మొలుస్తుంది, మూడు నాలుగు వారాల్లో లేత ఆకు చేతికొస్తుంది.

కర్పూరవల్లి: కొందరు దీన్ని వాము ఆకు అంటారు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది. నీళ్లు తక్కువ కావాలి. బజ్జీలకు, పెరుగు పచ్చడికి బాగుంటుంది.

దోమను మరచిపోవద్దు

కుండీ కింద పెట్టే పళ్లెంలో నీళ్లు నిలిస్తే డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. వారం, పది రోజుల్లో గుడ్డు కాస్తా దోమ అవుతుంది. 2017లో తమిళనాడు డెంగీతో ఎంత అవస్థ పడిందో చాలా కుటుంబాలకు గుర్తుండే ఉంటుంది. పళ్లెంలో ఇసుక నింపండి, లేదా వారానికి రెండుసార్లు ఒంపి తోమండి. పుదీనా వేళ్లూనడానికి పెట్టిన గ్లాసుకూ ఇదే నియమం. ఆరోగ్యం కోసం పెట్టిన కుండీ ఆసుపత్రికి దారి కాకూడదు.

కుండీని దవాఖానా చేయవద్దు

ఇక అసలు హెచ్చరిక. ఇంట్లో పచ్చటి ఆకు కనిపించగానే దాన్ని మందుగా మార్చాలనే ఉబలాటం చాలామందికి కలుగుతుంది. గ్లాసుల కొద్దీ రసం తీసి పరగడుపున తాగడం, పక్కింటివారికి కూడా తాగించడం చూస్తున్నాం. ఇది యునానీ కాదు. హకీము నాడి చూసి, మూత్రం, మలం వివరాలు తెలుసుకుని, రోగి మిజాజ్ నిర్ణయించాకే మందు ఇస్తాడు. ఒకరికి పనిచేసిన మోతాదు మరొకరికి హాని చేయవచ్చు. జవారిష్ పుదీనా, ఇత్రీఫల్ కిష్నీజీ వంటి యునానీ మందుల్లో పుదీనా, ధనియాలు ఉన్నమాట నిజమే. కానీ అవి తూకం ప్రకారం, ఇతర మూలికలతో కలిపి చేసినవి. పచ్చడి వాటికి బదులు కాదు.

కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకోవాలి. గుండెమంట, పుల్లటి తేన్పులు ఎక్కువగా ఉన్నవారికి పుదీనా బాధను పెంచవచ్చు. వార్ఫరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్రలు వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచడం గాని, మానేయడం గాని చేయకూడదు. షుగర్ మాత్రలు వేసుకునేవారు మెంతిని మందులా ఎక్కువగా తీసుకుంటే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. పుదీనా ఆకు వేరు, అంగట్లో దొరికే పుదీనా పువ్వు వేరు. పువ్వునూ, తైలాన్నీ పసిపిల్లల ముక్కుకు, ముఖానికి రాస్తే ఊపిరాడక ఇబ్బంది కలగవచ్చు. పిల్లలకు దగ్గు వస్తే కర్పూరవల్లి రసం పట్టడం పాత అలవాటే. కానీ జ్వరంతో పాటు ఊపిరి వేగంగా ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆకు వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. యునానీ చికిత్స కావాలనుకున్నవారు బి.యు.ఎం.ఎస్. పట్టా ఉన్న వైద్యుల దగ్గరికే వెళ్లాలి. చెన్నైలో ప్రభుత్వ యునానీ వైద్య కళాశాలే ఉంది.

పిల్లలకు ఏమి మిగులుతుంది?

మన ఇళ్లల్లో తెలుగు, బజారులో తమిళం, హకీము నోట ఉర్దూ. ఒకే ఆకుకు ఇంట్లో కొత్తిమీర అని, అంగట్లో కొత్తమల్లి అని, యునానీ సీసా మీద కిష్నీజ్ అని మూడు పేర్లు. పెద్దలకు ఈ మూడూ తెలుసు. పిల్లలకు ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఆకు మాత్రమే తెలుసు. వేడి, చలవ అన్న మాటలు కూడా నాన్నమ్మల తరంతోనే పోయేలా ఉన్నాయి. పుస్తకం చదివి ఈ జ్ఞానం నేర్చుకునేవారు తక్కువ. రోజూ కుండీలో నీళ్లు పోసి, అమ్మ అడిగినప్పుడు నాలుగు రెమ్మలు తుంచి తెచ్చే పిల్లవాడికి ఏ కూరలో ఏ ఆకు ఎందుకు వేస్తారో అడగాలనిపిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే ఈ పని జరగాలి.

ఈసారి పుదీనా కట్ట తెచ్చినప్పుడు నాలుగు కాడలు పక్కకు తీసి నీళ్లలో పెట్టండి. ఖర్చు ఏమీ లేదు. రెండు మూడు వారాల తరువాత కుండీలో కొత్త చిగురు కనిపిస్తే దాన్ని మందుగా కాక, మజ్జిగలో నాలుగు ఆకులుగా వేసి ఇంటిల్లిపాదీ తాగండి.